వదినగారి పేరు

ముందు వినిపించేది ఆ ఊపిరే. ఒక బుస, ఒక విరామం, మళ్లీ ఒక బుస. కళ్లు తెరవకముందే మీనాక్షికి తెలిసిపోయేది: తాను కాకినాడలో లేదు, అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో కూతురింట్లో ఉంది, కింది గదిలో ఆక్సిజన్ యంత్రం నడుస్తోంది, అది నడుస్తోందంటే ఆ గదిలో మనిషి ఇంకా ఉంది.

ఆ ఉదయం బుసకూ బుసకూ నడుమ సన్నటి రాగం ఒకటి వినపడింది. మాటలు లేని రాగం. మెట్లు దిగి చూస్తే, కిటికీ పక్కన వేసిన ఆసుపత్రి మంచం మీద ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆవిడ గుండెల మీద పాప బోర్లా పడుకుని ఉంది. పక్క కుర్చీలో కూతురు భానుశ్రీ తల ఒరిగిపోయి, బాలింత నిద్రలో మునిగి ఉంది. రాగం ఆవిడదే. కాస్త పాడి ఆగేది; ముక్కు దగ్గరి గొట్టంలోంచి గాలి అందుకుని, ఆగినచోటి నుంచే మళ్లీ ఎత్తుకునేది.

"గుడ్ మార్నింగ్, వదినగారూ," అంది మీనాక్షి గొంతు తగ్గించి.

"రా, మీనాక్షీ. నీ మనవరాలు నా మీద చేయాల్సిన పనులన్నీ చేసేసింది. బట్టలు మార్చాలి. ముందు దానికి, తర్వాత నాకు."

ఆవిడ అల్లుడు ఈలైకి తల్లి, మీనాక్షికి వియ్యపురాలు. బ్రూక్లిన్‌లో యూదుల ఇంట పుట్టి, అక్కడి బడుల్లోనే లెక్కల పాఠాలు చెప్పి, భర్త పోయాక ఒంటరిగా బతికిన మనిషి. ఊపిరితిత్తులు ఇక బాగుపడవని డాక్టర్లు తేల్చాక, ఆసుపత్రి వద్దంది, కొడుకింటికి వస్తానంది. హాస్పిస్ నర్సు వచ్చి నొప్పి తెలియకుండా మందులిచ్చి వెళుతుంది. రోగం తగ్గించడానికి ఎవరూ రారు.

కలిసిన మొదటి రోజునే ఆవిడ, "నన్ను పేరు పెట్టి పిలువు," అంది. మీనాక్షికి నోరు రాలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా ముక్కూమొహం తెలియని వాళ్ల పేర్లు పిలిచిన ఆ గొంతుకు ఈ ఒక్క పేరు అడ్డం పడింది. వయసులో పెద్దది, పిల్లనిచ్చిన ఇంటి మనిషి. అందుకని వదినగారూ అంది. ఆ మాటకు అర్థం చెప్పించుకుని ఆవిడ తృప్తిగా తల ఊపింది. "నాకు తోబుట్టువులు లేరు. డెబ్బై దాటాక ఒక మరదలు దొరికింది. ఫర్వాలేదు," అంది.

ఆ ఇద్దరికీ ఆ ఇంట్లో ఒకే ఇబ్బంది ఉండేది. ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు కూడదు. అందుకని నీళ్లు పోశాక పాపకు సాంబ్రాణి పొగ వేయడం మీనాక్షి మానుకుంది. శుక్రవారం సాయంత్రం వెలిగించే కొవ్వొత్తులను ఆవిడా మానుకుంది. బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ దీపాలు రెండు కిటికీలో పెట్టి, కళ్లకు చేతులడ్డం పెట్టుకుని, వాటి ముందే ప్రార్థన చెప్పుకునేది. "దేవుడు కూడా నవ్వుకుంటూ ఉంటాడు, బ్యాటరీలు ఎన్నాళ్లు వస్తాయో అని," అనేది.

ఇంట్లో తేలనిది ఒక్కటే: పాపకు పేరు.

పదకొండో రోజు బారసాల చేద్దామని మీనాక్షి కాకినాడ నుంచి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది, కొత్త చీర తెచ్చింది. ఆ రోజు దాటిపోయింది. "ముందు వాళ్ల సినగాగ్‌లో పేరు పెట్టాలమ్మా. శనివారం ప్రేయర్‌లో అనౌన్స్ చేస్తారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకూడదు. అదయ్యాకే మన బారసాల," అంది భానుశ్రీ. సరే, వాళ్ల గుడి వాళ్లది. తండ్రి తమవాడైతే చాలు, బిడ్డను తమ బిడ్డగానే చూసే గుడి అది. అంతకన్నా ఏం కావాలి? కానీ ఒక శనివారం ఈలైకి ఆఫీసులో పని పడింది. ఇంకో శనివారం భానుశ్రీకి ఒంట్లో బాగాలేదు. మరో శనివారం మంచు పడింది, ఆ మంచులోనే పక్కింటివాళ్లు సినిమాకు వెళ్లి వచ్చారు. పాప ఊరికే పాపగానే ఉంది.

"పేరు పెట్టారా?" అని రోజూ ఫోన్లో భర్త దత్తాత్రేయ అడిగేవాడు.

"లేదండీ. మొగుడూ పెళ్లాలకి కుదరట్లేదనుకుంటా."

"ఆ పిల్లకి ఓటు హక్కు వచ్చేలోపు పెట్టమను."

మీనాక్షి ఆలోచించింది. పిల్లలకు పేరు దొరకడం లేదేమో, ఒకరు చెప్పింది ఒకరికి నచ్చడం లేదేమో. ఎదురుగా మంచం మీద ఇంత ప్రేమగా మనవరాలిని హత్తుకుని, రేపో మాపో అన్నట్టున్న మనిషి ఉండగా, వెతుక్కోవడం ఎందుకు?

తన పేరు కూడా అలా వచ్చిందే. మీనాక్షి అన్నది నాయనమ్మ పేరు. బారసాల నాడు తండ్రి ఉంగరంతో బియ్యంలో ఆ పేరు రాస్తుంటే, పీట పక్కనే కూర్చుని నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుందని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్లూ పాల మీది మీగడ మనవరాలిదే. ఎవరైనా కసిరితే, "నా పేరు పెట్టుకున్నదాన్ని అంటే నన్నన్నట్టే," అని కర్ర తీసేది. ఒక మనిషికి ఇంకో మనిషి ఇవ్వగల మర్యాదల్లో అంతకు మించినది మీనాక్షికి తెలియదు.

అందుకే ఆ ఉదయం, భానుశ్రీ పైకి వెళ్లి పడుకున్నాక, పాపకు నూనె రాస్తూ ఆ మాట అనేసింది. పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాల్లో, ముందు రాత్రంతా మనసులో సాధన చేసుకున్న వాక్యాల్లో అంది.

"వదినగారూ, నాకో కోరిక ఉంది. పాపకి మీ పేరు పెడదాం. పిల్లలకి నేను చెబుతాను."

ఆవిడ చేతిలో పాప చొక్కా ఉంది, గుండీలు విప్పుతోంది. ఆ చేయి గుండీ మీదే ఆగిపోయింది. కిటికీ అవతల పార్కింగ్ లాట్‌లో కెనడా బాతులు అరుచుకుంటూ నడుస్తున్నాయి. ఆవిడ వాటికేసి చాలాసేపు చూసింది.

"నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది."

"ఎవరూ చెప్పలేదు," అని ఆవిడ ఆ మాటను మళ్లీ తనకు తానే చెప్పుకుంది. తర్వాత చిన్నగా నవ్వింది, నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుంది. "అందుకా ఈ శనివారాలన్నీ జారిపోతున్నాయి. ఆఫీసు. జ్వరం. మంచు. లెక్కల టీచర్ని, ఈ లెక్క నాకెందుకు తట్టలేదు?"

మీనాక్షికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానిదేదో విరిగిందని మాత్రం తెలిసింది.

"పాపను తీసుకెళ్లు, మీనాక్షీ. నాకు కొంచెం నిద్ర వస్తోంది," అని ఆవిడ గోడ వైపు తిరిగింది. ఆ పగలు మళ్లీ పాపను అడగలేదు. భానుశ్రీ పెట్టిన సూపు ముట్టలేదు. సాయంత్రం ఈలై వచ్చాక అతన్ని పిలిచి, తలుపు వేయించి, ఏదో అడిగింది. అతను బయటికి వచ్చేటప్పటికి మొహంలో నెత్తురు లేదు.

"అమ్మా, ఆంటీకి ఏం చెప్పావు నువ్వు?" భానుశ్రీ వంటింట్లోకి వచ్చి అడిగింది. అమెరికా వచ్చాక అందరినీ ఆంటీ అనడం అలవాటై, అత్తగారిని కూడా అలాగే పిలిచేది.

"ఆవిడ పేరు పాపకి పెడదామన్నాను. తప్పేంటి?"

"అయ్యో అమ్మా." భానుశ్రీ స్టూల్ మీద కూలబడింది. "ఎవరడగమన్నారు నిన్ను? నన్నొక మాట అడగొచ్చు కదా. వంటలో ఉప్పు ఎక్కువైందా అని వందసార్లు అడుగుతావు."

"మంచి మాటే కదా చెప్పాను."

"మనకి మంచి మాట. వాళ్లకి కాదు."

చెప్పింది ఈలైయే. సింక్ దగ్గర నిలబడి, అప్పటికే పొడిగా ఉన్న పళ్లేన్ని తుడుస్తూ, అత్తగారి వైపు చూడకుండా, నెమ్మదిగా చెప్పాడు. తూర్పు యూరప్ నుంచి వచ్చిన తమ యూదుల్లో బతికున్నవాళ్ల పేరు బిడ్డకు పెట్టరు. పోయినవాళ్ల పేరే పెడతారు, ఆ మనిషి పేరు భూమ్మీద ఆగిపోకుండా. స్పెయిన్ వైపు నుంచి వచ్చిన యూదులు బతికున్న తాతల పేర్లూ సంతోషంగా పెట్టుకుంటారు. తమలో మాత్రం లేదు. ఎందుకంటే పాతకాలం వాళ్లు ఒక మాట చెబుతారు: మృత్యుదూత పేరు పట్టుకుని వస్తాడు. ఒకే ఇంట్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే, ముసలివాళ్లకు బదులు పసిబిడ్డను తీసుకుపోతాడు.

మీనాక్షి చేయి తనకు తెలియకుండానే పాప తల మీదికి వెళ్లింది.

"నాకు అవన్నీ నమ్మకం లేదు," అన్నాడు ఈలై. "కానీ మా అమ్మ ముందు అలా అనడమంటే, అత్తయ్యా, 'నువ్వు పోయినట్టే' అని ఆవిడతో అన్నట్టే."

"నాకు తెలీదు, బాబూ. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు."

"తెలుసు, మీకు తెలీదు. తప్పు మీది కాదు." అతను పళ్లేన్ని కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. "మగపిల్లాడైతే ఎనిమిదో రోజున సున్నతి చేసి, అప్పుడే పేరు పెట్టాలి, తప్పదు. ఆడపిల్లకి గడువేమీ లేదు. ఎప్పుడైనా పెట్టొచ్చు. అందుకని మా గుడి గురువును, రబ్బీని, నేనే ఆగమన్నాను. నాకు అమ్మ పేరే కావాలి. ఆ పేరు కావాలంటే ఆగాలి. ఆగడమంటే దేనికోసం ఆగడమో నాకు తెలుసు. అమ్మకి తెలియదనుకున్నాను."

ఆరడుగుల మనిషి. ఏడుపు రాకుండా అతను ఆ పళ్లేన్ని ఇంకోసారి తుడిచాడు. భానుశ్రీ లేచి వెళ్లి దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది.

"ఈలై," అని లోపలి గదిలోంచి పిలుపు వచ్చింది.

ఈసారి తలుపు వేయలేదు. మాటలు వంటింటి దాకా వినపడుతూనే ఉన్నాయి.

"ఈ శనివారం పెట్టేయ్. వేరే పేరు ఏదైనా సరే. దాన్ని ఏమని పిలుస్తారో నేను విని వెళతాను."

"వద్దమ్మా."

"మా అమ్మ పేరు లేదా? మీ నాన్న పేరు లేదా, ఆడపిల్లకి సరిపోయేలా మార్చుకోవచ్చు."

"నీ పేరు తప్ప నాకు ఇంకో పేరు వద్దు."

తర్వాత ఆవిడ గొంతు, అలసిపోయి, లాలనగా వినపడింది. "సరే అయితే, ఆగు. నేనే కొంచెం త్వరపడతాను."

ఈలై ఆ మాటకు నవ్వబోయి నవ్వలేకపోవడం మీనాక్షి విన్నది. అలాంటి శబ్దం ఒకటి ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

ఆ వారమంతా మీనాక్షి కింది గదిలోకి వెళ్లాలంటే కాళ్లు వెనక్కి లాగాయి. వెళ్లకుండానూ ఉండలేదు. వదినగారు పాపను మళ్లీ అడగసాగింది. కానీ ఎత్తుకునే బలం చేతుల్లో తగ్గింది. మీనాక్షి పాపను మంచం మీద ఆవిడ పక్కన పడుకోబెట్టి, రెండువైపులా దిండ్లు పెట్టేది. ఆవిడ పాప పిడికిలిలో తన వేలు దూర్చి, పిడికిలి బిగిసినప్పుడల్లా, "ఇదీ బలం అంటే," అనేది. పేరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మీనాక్షి పాపను బంగారం అనేది, చిట్టితల్లీ అనేది. ఏమన్నా ఆ మాట చివర ఒక గొయ్యి ఉన్నట్టే ఉండేది.

గురువారం మధ్యాహ్నం ఈలై ఆఫీసుకు వెళ్లాడు. భానుశ్రీ పైన నిద్రపోయింది. నర్సు వచ్చి, మందు మోతాదు పెంచి, వెళ్లేటప్పుడు వాకిట్లో మీనాక్షి చేయి పట్టుకుని ఒక్క క్షణం ఊరికే నిలబడింది. ఆ పట్టులోనే అంతా చెప్పింది.

తిరిగి గదిలోకి వస్తే, పాప పక్కన వదినగారు కళ్లు తెరిచే ఉంది.

"ఇలా కూర్చో. నీ పేరు మీ నాయనమ్మదని భానుశ్రీ చెప్పింది. ఆవిడ నిన్ను ఏమని పిలిచేది?"

మీనాక్షి సంకోచించింది. "నా పేరే. అంటే, ఆవిడ పేరే."

"నువ్వు పలికితే ఏం చేసేది?"

మీనాక్షి ఆలోచించింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. "నవ్వేది. ఎక్కడో పెరట్లోంచి నేను 'ఆఁ' అంటే, ఇక్కడ నవ్వేది. ఏ పనీ చెప్పేది కాదు."

"ఊరికే పిలిచేదన్నమాట."

"ఊరికే."

వదినగారు కళ్లు మూసుకుంది. "మా నాన్న కూడా అంతే. యుద్ధంలో వాళ్ల ఇంట్లో అందరూ పోయారు, ఈయన ఒక్కడే బతికి ఈ దేశం వచ్చాడు. నాకు వాళ్లమ్మ పేరు పెట్టాడు. నేను వీధిలో ఆడుకుంటుంటే, రోజుకి ఎన్నోసార్లు, మేడ మీది కిటికీలోంచి పిలిచేవాడు. పరుగెత్తుకుని మెట్లెక్కి, ఏంటి నాన్నా అంటే, ఏం లేదు, వెళ్లి ఆడుకో అనేవాడు. నాకు కోపం వచ్చేది. ఆయన పిలిచింది నన్ను కాదని చాలా పెద్దయ్యాక తెలిసింది."

గాలి కోసం ఆగింది. మీనాక్షి గ్లాసు అందించబోతే వద్దంది.

"ఈలై కూడా అలాగే పిలుస్తాడు దీన్ని. నాకు తెలుసు. రోజంతా, ఊరికే పిలుస్తాడు. అందుకు నాకు సంతోషమే. కానీ ఎవరి పేరు పెడతారో ఆ మనిషి వినదు, మాలో. మా నాన్నమ్మ వినలేదు. నేను వినను. డెబ్బై ఏళ్లు నాకు అది వింతగా తోచలేదు. నీ నాయనమ్మ వినేదని నువ్వు వచ్చి చెప్పేదాకా తోచలేదు. ఆశ పెట్టావు నాకు. నీదే తప్పు."

"క్షమించండి, వదినగారూ."

"క్షమాపణ కాదు నాకు కావాల్సింది. దాన్ని ఎత్తుకో. ఒక్కసారి నా పేరుతో పిలువు. నేను ఉండగా."

ఎనిమిది రోజుల కిందట అయితే మీనాక్షి సంతోషంగా పిలిచేది. ఆ పేరు తన నోటికి అలవాటు లేకపోయినా, పాప కోసం పిలిచేది. ఇప్పుడు తెలిసింది. తెలిశాక, ఆ గదిలో ఏదో ఆ పేరు కోసం చెవి ఒగ్గి నిలబడి ఉన్నట్టే ఉంది.

"వద్దు, వదినగారూ. మీ భయం ఇప్పుడు నాకూ అంటుకుంది. ఆ దూత వచ్చి పొరపాటు పడితే?"

"వాడు తలుపు దగ్గరికి వచ్చేశాడు, మీనాక్షీ. ముందు మంచం నాదే. నన్ను దాటి ఎక్కడికి వెళతాడు? పైగా నీ యాసలో నా పేరు పలికితే నాకే అర్థం అవుతుందో లేదో, వాడికేం అర్థమవుతుంది?"

"ఈలైకి తెలిస్తే బాధపడతాడు."

"వాడు పిలవలేడు. నా కోడలు కూడా వాడి మొహం చూసి పిలవలేదు. మా వాళ్లెవరూ పిలవరు. ఇది మీ పద్ధతి. నువ్వు పిలిస్తే మా పద్ధతి చెడదు. శనివారం నాడు గుడిలో వాళ్లు వాళ్ల లెక్కన పెట్టుకుంటారు." తర్వాత, ఏ శనివారమో తానే గుర్తు చేసుకున్నట్టు, "ఈ శనివారం కాకపోతే పై శనివారం," అంది.

మీనాక్షి పాపను ఎత్తుకుంది. పాప మెలకువగానే ఉంది. దేనినీ ప్రత్యేకంగా చూడని ఆ పసి చూపుతో పైకి చూస్తోంది. ఒంటి నుంచి నూనె వాసన, పాల వాసన వస్తున్నాయి. బిడ్డను అటు తిప్పి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నంత గట్టిగా పొదువుకుని, బారసాల నాడు చెప్పినట్టే చెప్పబోతూ, పాప చెవి దగ్గరికి వంగింది.

"చెవిలో కాదు," అంది వదినగారు. కొంచెం లేవబోయింది, లేవలేక, దిండు మీదే తల ఇటు తిప్పింది. "బయటికి అను. మేడ మీది నుంచి వీధిలోకి పిలిచినట్టు అను."

మీనాక్షి తల ఎత్తింది. భయం పోలేదు, పోయేలా కూడా లేదు. ఎదురుగా దిండు మీద, ఒక ముసలి మొహం, బడి గంట కోసం చూసే పిల్లలా, తన నోటికేసే చూస్తోంది. అంత ఎదురుచూపును మరో పూట ఎదురుచూడమనే ధైర్యం మీనాక్షికి లేదు. పాపను ఆ మొహానికి ఎదురుగా పట్టుకుంది. గుండె నిండా గాలి పీల్చుకుని, పైన నిద్రపోతున్న కూతురికి వినిపిస్తే వినిపించనీ అనుకుని, గొంతెత్తి పిలిచింది:

"షిఫ్రా."